పైలట్ డిప్రెషన్‌కు మన జిల్లాల్లో మొదటి సాయం: 14416, పెద్దదవాఖాన ఓపీ, మందుల షాపు – మా రేటింగ్

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు నుంచి పైలట్ శిక్షణకు వెళ్లిన పిల్లలైనా, ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుకు ఇంటికొచ్చిన ఫస్ట్ ఆఫీసరైనా, మనసు కుంగి నిద్ర పట్టనప్పుడు ముందు వెళ్లేది మూడు చోట్లకే. టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, జిల్లా కేంద్రంలోని పెద్దదవాఖాన మానసిక విభాగం ఓపీ, వీధి చివరి మందుల షాపు. పైలట్ అవసరం దృష్టితో చూసి ఒక్కోదానికి ఐదు మార్కులకు లెక్కేస్తే 14416కు నాలుగు, ఓపీకి మూడున్నర, మందుల షాపుకు సున్నా.

14416 కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన సేవ. కాల్‌కు పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమనిపిస్తే మానసిక వైద్యుడికి కలుపుతారు, లేదా దగ్గర్లోని దవాఖానకు పంపిస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ, అర్ధరాత్రి దాటాక దిగడం అలవాటైన వాళ్లకు వేళాపాళా లేని సేవ కావాలి. దేవరకొండ పక్క తండాలో రాత్రి రెండింటికి గుండె దడతో లేచి కూర్చున్న కుర్రాడికి ఆ గంటలో దొరికే తెలుగు గొంతు ఇదే. నాలుగు మార్కులూ అందుకే.

ఫోన్ ఎత్తగానే నాలుగు సంగతులు చెప్పాలి: పైలట్‌నని లేదా శిక్షణలో ఉన్నానని, తర్వాతి డ్యూటీ ఎప్పుడో, రెండు వారాలుగా రోజుకు ఎన్ని గంటలు నిద్ర పడుతోందో, ఏ గోలీలు వేసుకున్నారో. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ నాలుగింటికంటే ముందు అదే చెప్పాలి. "నేను ఫ్లైట్ నడపొచ్చా?" అన్న ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు దొరకదు. ఆ సేవ అందరి కోసం పెట్టింది, క్లాస్ 1 మెడికల్ (ఉద్యోగ పైలట్లకు తప్పనిసరి ఆరోగ్య పరీక్ష) దాని పని కాదు. అది మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన మెడికల్ ఎగ్జామినర్‌ను అడగాల్సిన మాట. ఒక మార్కు తగ్గించింది ఇందుకే గానీ, సేవలో లోపం ఉందని కాదు.

ఓపీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పైలట్ల కాగితాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఎవరైనా "నిద్ర లేదు, భయంగా ఉంది" అంటే మన దగ్గర చాలాసార్లు చిట్టీ మీద పడేది జంట గోలీ. ఒకే బిళ్లలో ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, క్లోనాజెపామ్ 0.5 మిల్లీగ్రాములు. బ్రాండ్ పేరు చివర తరచుగా "ప్లస్" అని ఉంటుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే రేకు మీద సన్నటి అక్షరాల్లో రెండు మందుల పేర్లూ కనిపిస్తాయి. మామూలు రోగికి ఇది మొదటి రెండు వారాల ఆందోళన తగ్గించే మందు. పైలట్‌కు అదే బిళ్లలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఎస్సిటాలోప్రామ్ డిప్రెషన్ మందు, కొన్ని దేశాల్లో షరతుల మీద అది వాడుతూ ఎగరనిస్తారు. క్లోనాజెపామ్ బెంజోడయాజెపైన్ జాతిది. మత్తు తెస్తుంది, స్పందన వేగాన్ని తగ్గిస్తుంది, ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్నది పొద్దుటికి దిగిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు.

పైగా 2022 జనవరి 31 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన కింద పైలట్లకు, విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ సిబ్బందికి మత్తు పదార్థాల పరీక్షలు జరుగుతున్నాయి. ఆ జాబితాలో గంజాయి, కొకైన్, ఓపియేట్లతో పాటు బెంజోడయాజెపైన్లు కూడా ఉన్నాయి. ఏం వేసుకుంటున్నాడో తెలియని కుర్రాడు మూత్ర పరీక్షలో పాజిటివ్‌గా తేలొచ్చు. అలాగని నెలల తరబడి వాడుతున్న జంట గోలీని ఒక్కరోజులో మానేయకూడదు. క్లోనాజెపామ్ ఉన్నట్టుండి ఆపితే ఆందోళన రెట్టింపై తిరిగొస్తుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

కాబట్టి ఓపీలో డాక్టర్ పెన్ను పట్టుకోకముందే వృత్తి చెప్పాలి. డిప్రెషన్ మందు అవసరమైతే విడిగా రాయమని అడగాలి. చిట్టీ మీద బ్రాండ్ పేరు ఒక్కటే కాకుండా మందు అసలు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఉండాలి. జబ్బు పేరు, తీవ్రత కూడా రాయించుకోవాలి. ఉత్త "యాంగ్జైటీ" అన్న ఒక్క మాటతో ఏడాది తర్వాత ఏ ఎగ్జామినరూ ఏమీ తేల్చలేడు. రద్దీ ఓపీలో డాక్టర్‌కు దొరికేది కొద్ది నిమిషాలే, ఇవన్నీ అడిగితే తప్ప రావు. ఒకటిన్నర మార్కు అక్కడే పోయింది. చికిత్స విషయంలో మాత్రం వేలు పెట్టి చూపడానికేమీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 25 ప్రకారం రికార్డులు చూసుకునే హక్కు రోగికి ఉంది. సెక్షన్ 23 గోప్యత హక్కు ఇస్తుంది. ప్రజల భద్రత లాంటి కొన్ని మినహాయింపులూ అందులోనే ఉన్నాయి.

ఇక అందరూ అడిగేది: ఈ గోలీలు వేసుకుంటే లైసెన్స్ పోయినట్టేనా? మొదలుపెట్టిన రోజు నుంచి స్థిరపడేదాకా ఎగరకూడదన్నది నిజం. దానికి కారణం ఉంది. ఎస్సిటాలోప్రామ్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ జాతి డిప్రెషన్ మందులు గుణం చూపడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, నిద్ర చెడడం, కాలు నిలవని తత్తరపాటు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అంటే జబ్బూ తగ్గక, మందూ ఒంటికి పట్టక ఉండే కాలం అది. మోతాదు మార్చినా, ఉన్నట్టుండి ఆపినా తల తిరుగుడు వస్తుంది. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులైతే మగత, చూపు మసక, లేచి నిలబడితే బీపీ పడిపోవడం. కాక్‌పిట్‌కు అవి అసలు కుదరవు.

ఆ తర్వాత దారి ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లో డిప్రెషన్ మందు వాడే వ్యక్తిని అన్‌ఫిట్‌గా చూడాలని ఉంది. నియంత్రణ సంస్థ తరఫున ఫిట్‌నెస్ తేల్చే మెడికల్ అసెసర్ కేసు వివరాలన్నీ చూసి, విధులకు ఆటంకం ఉండదనుకుంటే తప్ప అన్న మినహాయింపు కూడా అక్కడే ఉంది. ఆస్ట్రేలియా 1987 నుంచే కేసు కేసుగా చూసి అనుమతిస్తోంది. పదేళ్ల సమాచారంతో 2007లో అక్కడ వచ్చిన అధ్యయనంలో మందు వాడుతున్న పైలట్లకూ వాడని వాళ్లకూ ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికా 2010లో ఫ్లుఓక్సెటిన్, సెర్ట్రలిన్, సిటాలోప్రామ్, ఎస్సిటాలోప్రామ్ అనే నాలుగింటికి తలుపు తెరిచింది. వాటిలో ఒక్కటే వాడాలి, రెండు కలపకూడదు. 2023లో బుప్రోపియాన్‌ను చేర్చింది. అయితే అమెరికా జాబితా చూసి మన దగ్గర సొంత నిర్ణయం తీసుకోకూడదు. ఇక్కడ ఫిట్‌నెస్ తేల్చేది డీజీసీఏనే. మానసిక ఆరోగ్య పరీక్ష, తోటి పైలట్ల సహాయ కార్యక్రమం గురించి డీజీసీఏ 2023 ఫిబ్రవరిలో మెడికల్ సర్క్యులర్ ఇచ్చింది. సంస్థలో చేరేటప్పుడే ఆ కార్యక్రమం ఎవరు చూస్తారో, ఏ నంబరో కనుక్కుని పెట్టుకోవాలి.

మందుల షాపుకు సున్నా ఎందుకో ఇప్పుడు చెప్పొచ్చు. పేరు ఎక్కడా పడకూడదని, పాత చిట్టీ చూపించి గోలీలు తెచ్చుకునే చోటు అది. జబ్బు దాచడం ఎంత దూరం పోతుందో ఒక ఘటన చెబుతుంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టడంతో 150 మంది పోయారు. అతన్ని మానసిక చికిత్సాలయంలో చేర్పించాలని అంతకు రెండు వారాల ముందే డాక్టర్ సూచించిన సంగతి ఫ్రాన్స్ దర్యాప్తు నివేదికలో ఉంది. అతని ఎయిర్‌లైన్‌కు ఆ మాట చేరలేదు. శిక్షణ కోసం అతను తీసుకున్న సుమారు 41,000 యూరోల అప్పు ప్రస్తావన కూడా ఆ నివేదికలోనే ఉంది. పొలం తాకట్టు పెట్టి పిల్లవాడిని శిక్షణకు పంపిన మన ఇళ్లలో ఆ భయం ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి ఒక్క ఘటన చూసి డిప్రెషన్ ఉన్న పైలట్లందరినీ అనుమానించడం మాత్రం ఘోరమైన అన్యాయం. 2016లో వచ్చిన హార్వర్డ్ సర్వేలో డిప్రెషన్ ప్రశ్నలకు జవాబిచ్చిన 1,848 మంది పైలట్లలో 12.6 శాతం మంది లక్షణాలు డిప్రెషన్ స్థాయిని అందుకున్నాయి. వాళ్లలో ఎక్కువమంది మన పక్కింటి పిల్లల్లాంటి వాళ్లే, వైద్యం దొరికితే కోలుకునేవాళ్లే.

అమ్మానాన్నలు చేయాల్సినవి రెండున్నాయి. శిక్షణ అప్పు తీసుకునే రోజే లైసెన్స్ నష్ట బీమా పాలసీ అడిగి, అందులో మానసిక అనారోగ్యానికి మినహాయింపు ఉందా అన్న పేరా చదివించుకోండి. పిల్లవాడి చిట్టీలు చింపేయకండి. తేదీల వరుసన ఒకే ఫైల్లో పెట్టి, తర్వాతి మెడికల్‌కు వెళ్లేటప్పుడు చేతికివ్వండి.