పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ: రెండేళ్లు దాటాక నా సమీక్ష

నాకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి రెండేళ్లు దాటింది. మాది సఖినేటిపల్లి దగ్గర. ఆస్పత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు భీమవరంలో ఉండి, తర్వాత పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లి ఫిజియో చేయించుకున్నాను. ఏ సెంటర్ మంచిదో చెప్పడానికి ఇది రాయడం లేదు. రెండు మూడు చోట్ల చూశాక నాకు తేలింది ఒకటే: సెంటర్లో ఆ గంటా నేర్చుకోవడానికి, చెయ్యీ కాలూ దారికొచ్చేది మాత్రం ఇంట్లో.

దెబ్బతిని చచ్చిపోయిన మెదడు భాగం మళ్లీ రాదు. దాని పని మిగతా భాగాలు నేర్చుకోవాలి, అందుకు చేసిందే చెయ్యాలి. థెరపీ సెషన్‌లో చేతితో పనికొచ్చే కదలికలు సగటున 32 సార్లే చేయిస్తున్నారని 2009లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. జంతువుల మీద ప్రయోగాల్లో రోజుకు వందల సార్లు చేయించారు. ఆ తేడా పూడ్చాల్సింది మనమే.

మన వైపు ఎవర్ని కదిపినా "కరెంటు పెట్టించుకుంటున్నావా?" అని అడుగుతారు. ఒకచోట నాకు అదే ఎక్కువ జరిగింది. ప్యాడ్లు అంటించి, స్విచ్ వేసి, అక్కడి ఫిజియో అతను ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. తర్వాత దొరికిన అమ్మాయి అదే మిషన్ పెట్టి, "కరెంటు తగలగానే మీరు కూడా మణికట్టు ఎత్తండి ఆంటీ, ఊరికే పడుకోకండి" అనేది. చెమటలు పట్టేవి. ఫలితం తెలిసింది ఈవిడ దగ్గరే.

ఇక ఇల్లు. పేషెంటు డిశ్చార్జి కాకముందే ఇంట్లోవాళ్లు చేయాల్సినవి ఇవి. నవ్వారు మంచం పనికిరాదు, కుంగిపోతుంది, లేవలేం. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనే గట్టి మంచం కావాలి. మాకు బాత్రూమ్ పెరట్లో ఉంది. వానాకాలం ఆ దారంతా నాచు. మా వారు గచ్చు గరుకుగా చేయించి, నా మంచి చేతి వైపు గోడకు పైపు బిగించారు. గడప దాటడానికి ఒక సూత్రం ఉంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. చూడ్డానికి వచ్చే చుట్టాలకు ముందే చెప్పాల్సిన మాట ఇంకోటి. "లే వదినా, నేను పట్టుకుంటా" అంటూ పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. కండరాల్లో బలం లేని భుజం కీలు అలా లాగితే జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. పట్టుకోవాలంటే నడుము దగ్గర పట్టుకోవాలి.

పాదం వేలాడకుండా పిక్క వెనక నుంచి అరికాలి కింద వరకు పెట్టే ప్లాస్టిక్ స్ప్లింట్‌కి నా మార్కులు చాలా ఎక్కువ. అది లేకపోతే వేళ్లు నేలకి తగిలి ముందుకు తూలేదాన్ని. కానీ మన ఇళ్లకు దాంతో ఒక చిక్కుంది. లోపల చెప్పులు వేసుకోం కదా, ఉత్త ప్లాస్టిక్ టైల్స్ మీద జర్రున జారుతుంది. అందుకని ఇంట్లోకే విడిగా, వెనక పట్టీ ఉన్న శాండల్స్ ఒక సైజు పెద్దవి కొన్నాను. మా అత్తగారు మొదట గొణిగారు, తర్వాత ఊరుకున్నారు. మన ఉక్కకి లోపల మోకాలి దాకా కాటన్ సాక్స్ తప్పనిసరి. రాత్రి విప్పగానే మడమ, చీలమండ చూసుకోండి. ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే స్ప్లింట్ సరిచేయించాలి, ఓర్చుకుంటే పుండవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

అద్దం వైద్యం చవకైనది. మంచి చెయ్యి అద్దంలో కదులుతుంటే పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు మెదడుకి అనిపించడం దీని కిటుకు. చెయ్యి తీసేసినవాళ్ల నొప్పికి వి.ఎస్.రామచంద్రన్ 1990ల్లో మొదలుపెట్టారు, 1999లో పక్షవాతానికీ వాడి చూశారు. నేను పాత బీరువా అద్దం వాడాను. విసుగు పుడుతుంది. వేళ్లు కొంచెం తెరుచుకోవడం దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను, అప్పటికి మిగతావీ చేస్తున్నాను.

నాకు బాగా పనికొచ్చింది లేసు అల్లిక. ఇరవై ఏళ్లుగా అల్లిన చెయ్యి. బంతి పిసకడం నాకు రెండు నిమిషాల్లో మొహం మొత్తేది, అది చూసి ఆ ఫిజియో అమ్మాయే "మీ పనే తెచ్చుకోండి" అంది. ముందు లావుపాటి ఊలు, పిడి లావుగా ఉండాలని గుడ్డ చుట్టిన సూది. గొలుసు వేయడం, విప్పడం, మళ్లీ వేయడం. వరదకి పంటు ఆగిపోయినన్ని రోజులూ ఇదే నా థెరపీ. ఇప్పుడు దారంతో అల్లగలను గానీ షావుకారు ఆర్డరు తీసుకునేంత వేగం లేదు, వస్తుందనీ అనుకోవడం లేదు.

పావురం రక్తం రాయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పావురాలకు చెడ్డ, మనకు వృథా. ఏడుపు, నిరాశ ఎక్కువైతే మాత్రం డాక్టరుకు చెప్పండి. స్ట్రోక్ వచ్చిన ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందట, నాకూ మందు వాడాకే వ్యాయామం మీద మనసు నిలిచింది. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి కూడా బద్ధకించకండి, పింఛనుకి అదే ఆధారం.

వేళ్ల బిగువు ఇంకా ఉంది. అది వదులవడానికి బొటాక్స్ సూది వేయించుకోమన్నారు. దాని పని మూడు నాలుగు నెలలేనట, ఆ లోపల వ్యాయామం గట్టిగా చేస్తేనే లాభం. సంక్రాంతికి ఇంటినిండా జనం ఉంటారు, కుదరదు. పండగ వెళ్లాక వేయించుకుంటాను.