అతివేగమా, పరధ్యానమా: హైవే మీద ఏది ఎక్కువ ముప్పు?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో సుమారు 72 శాతం అతివేగం ఖాతాలో పడగా, సెల్‌ఫోన్ వాడకం పేరిట నమోదైనవి రెండు శాతం లోపే. అంతమాత్రాన పరధ్యానం చిన్న తప్పని అనుకోవడానికి లేదు. నుజ్జయిన బండిని బట్టి అది ఎంత వేగంతో వచ్చిందో ఊహించవచ్చు గాని, ఆ క్షణాన డ్రైవర్ చూపు ఎక్కడుందో చెప్పే ఆనవాలు మిగలదు. పైగా, బతికి బయటపడినవాడు ఫోన్ చూస్తున్నానని పోలీసుల ముందు ఒప్పుకుంటాడా?

అందుకే బండి ఆగే దూరాన్ని లెక్క వేసి చూడటం మేలు. టంగుటూరు, సింగరాయకొండల నడుమ 16వ నంబరు జాతీయ రహదారిపై డివైడర్ సందులోంచి వరిగడ్డి ట్రాక్టర్ ఒకటి అడ్డం వచ్చిందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, చూపు రోడ్డు మీదే ఉంచి వస్తున్న డ్రైవర్‌కు బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టినా, పొడి రోడ్డు మీద కారు సుమారు 45 మీటర్లలో ఆగుతుంది. 100 మీద వచ్చేవాడు అంతే అప్రమత్తంగా ఉన్నా 98 మీటర్లు కావాలి. అదే 60 మీద వచ్చేవాడు రెండు సెకన్లు ఫోన్ వంక చూసినా 78 మీటర్ల దగ్గర ఆగుతాడు. "వేగంగా పోయినా జాగ్రత్తగానే పోతాను" అనేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అయితే చూపు మూడు సెకన్లకు మించి పక్కకు పోతే తక్కెడ పరధ్యానం వైపు మొగ్గుతుంది: వాట్సాప్ మెసేజ్ చదవడానికి ఐదు సెకన్లు పడితే 60 మీద కూడా 128 మీటర్లు కావాలి.

తగిలే దెబ్బలో మాత్రం వేగానిదే పైచేయి, ఎందుకంటే వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. నెల్లూరు ఊళ్లోని ట్రంకు రోడ్డు మీద నెమ్మదిగా, పరధ్యానంగా నడిపినవాడు ముందున్న ఆటోకు సొట్ట పెట్టి, నాలుగు మాటలు పడి, చేతిలో ఉన్నంత ఇచ్చి బయటపడతాడు. కావలి దాటాక హైవే వేగంలో, రోడ్డు పక్కన నిలిపిన లారీ వెనుక అదే పరధ్యానం ప్రాణం తీస్తుంది.

కాబట్టి ముందుగా అదుపు చేయవలసింది వేగాన్నే అని నా అభిప్రాయం. దానిని స్పీడ్ గన్‌తో బయటివారు పట్టుకోగలరు, అది తగ్గితే పరధ్యానం చేసే నష్టం కూడా తగ్గుతుంది. తెల్లవారుజామున చెన్నై వైపు సరుకు తోలే లారీ డ్రైవర్ కునుకు సంగతి వేరు. అతడు పరిమితికి లోబడే నడుపుతుండవచ్చు, కాని నిద్రలో బ్రేకు మీద కాలే పడదు గనుక ఆగే దూరమన్న లెక్కే ఉండదు. అక్కడ స్పీడ్ గన్ కంటే, రాత్రిపూట లారీలను ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే పోలీసుల పద్ధతి, లారీ నిలుపుకొని గంటసేపు పడుకోవడానికి రోడ్డు వార కాస్త జాగా ఎక్కువ పనికొస్తాయి.