కలావ్రిత: 2:34 దగ్గర ఆగిన గడియారం

గ్రీస్‌లోని కలావ్రితకు ఎక్కువ మంది వచ్చేది డియాకోఫ్టో నుంచి నడిచే పళ్లచక్రాల రైలు కోసం. 22 కిలోమీటర్లు, దాదాపు గంట ప్రయాణం. ఊటీ రైలు ఎక్కినవాళ్లకు పట్టాల మధ్య ఆ పళ్ల కడ్డీ కొత్తేం కాదు. వురైకోస్ లోయ చాలా బాగుంటుంది. టికెట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి.

దిగాక అమ్మా నేనూ నేరుగా మ్యూజియంకి వెళ్లాం. అది ఒకప్పటి బడి. 1943 డిసెంబర్ 13న జర్మన్ సైన్యం ఊరందరినీ అక్కడికే రప్పించింది. బందీలుగా పట్టుకున్న తమ సైనికులను గ్రీకు గెరిల్లాలు చంపేశారని ప్రతీకారం. ఆడవాళ్లనీ చిన్నపిల్లల్నీ లోపల పెట్టి తలుపులు మూశారు. మగవాళ్లను, కాస్త ఎదిగిన కుర్రాళ్లతో సహా, కపి గుట్ట మీదికి తోలుకెళ్లి మెషిన్‌గన్లతో కాల్చేశారు. దాదాపు 500 మంది చనిపోయారు. 13 మంది మాత్రం శవాల మధ్య ప్రాణాలతో మిగిలారు. ఊరు తగలబడింది, బడికీ మంటలు అంటుకున్నాయి. లోపలివాళ్లు ఎలాగో బయటపడి గుట్టెక్కితే, కనిపించింది తమ ఇంటి మగవాళ్ల శవాలే.

మ్యూజియంలో చనిపోయినవాళ్ల ఫొటోలున్నాయి. కొన్ని మరీ పసి ముఖాలు, మీసం కూడా రాని పిల్లలు. ఆడవాళ్లు శవాలను దుప్పట్ల మీద ఈడ్చుకెళ్లి, గడ్డకట్టిన నేలను చేతులతో తవ్వి పూడ్చారని చదివి చెప్పాను. "ఒక్కొక్కళ్లూ ఎంతమందిని మోశారో" అంది అమ్మ. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

గుట్ట ఊళ్లోంచి నడిచి వెళ్లేంత దూరమే. పెద్ద తెల్ల శిలువ, రాతి పలకల మీద పేర్లు. ఒకే ఇంటిపేరు వరసగా వస్తుంటే కాళ్లు ముందుకు పడలేదు. ముందు మ్యూజియం చూసి ఆ తర్వాతే ఇక్కడికి రండి. లేకపోతే ఇది ఒక వ్యూ పాయింట్‌లా అనిపించే ప్రమాదముంది.

బస గురించి: మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో రాత్రి హీటర్ ఆగిపోయింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డిసెంబర్‌లో వెళ్తే హీటింగ్ సంగతి ముందే అడగండి. స్కీయింగ్ సీజన్ కాబట్టి వారాంతాల్లో గదులు దొరకడం కష్టం. అయినా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోకండి, ఒక రాత్రి ఉండండి.

తెల్లారి బయల్దేరేముందు చర్చి దగ్గర ఆగాం. గోపురం మీది గడియారం 2:34 చూపిస్తోంది. ఆ రోజు కాల్పులు జరిగిన సమయమది. కింద చౌరస్తాలో కాఫీ హోటల్ అప్పుడే తెరుస్తున్నారు.