మోంటాల్చీనోలో బియోండి-సాంటి వారి తోట: ఒక పూట కేటాయించి చూడండి

టస్కనీ వెళ్లే మనవాళ్లు చాలామంది ఫ్లోరెన్స్, పీసా చూసుకుని, బస్సు టూర్‌లో రెండు మూడు వైన్ తోటలు చుట్టేసి వచ్చేస్తారు. నా మాట వింటే ఆ టూర్ మానేయండి. సియెనాకు దక్షిణంగా కొండమీద ఉన్న మోంటాల్చీనో వెళ్లి, ఒకే ఒక్క తోటను తీరిగ్గా చూడండి. మేము ఎంచుకున్నది బియోండి-సాంటి కుటుంబం పెంచిన ‘టెనూటా గ్రెప్పో’. బ్రునెల్లో అనే రెడ్ వైన్‌కు అది పుట్టిల్లు.

ఊరి నుంచి కారులో కొద్ది నిమిషాలే. సైప్రస్ చెట్ల వరుసల మధ్య దారి, చివర పాత రాతి ఇల్లు, చుట్టూ దాదాపు 500 మీటర్ల ఎత్తున ద్రాక్ష తోటలు. ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్తే లాభం లేదు.

ఈ కథ క్లెమెంటే సాంటి అనే ఫార్మసిస్ట్‌తో మొదలైంది. ఆయన చేసిన 1865 నాటి వైన్‌కు 1869లో బహుమతి వచ్చింది. ఆయన కూతురి కొడుకు ఫెర్రూచ్చో. తండ్రి ఇంటిపేరు బియోండి, తల్లి పుట్టింటిపేరు సాంటి, రెండూ కలిపి పెట్టుకున్నాడు. కుర్రతనంలో ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గరిబాల్డీ వెంట యుద్ధానికి వెళ్లొచ్చి, తర్వాత తాతగారి తోట చూసుకున్నాడు. అప్పట్లో టస్కనీలో తెల్ల ద్రాక్ష కూడా కలిపి, ఏడాది తిరగకముందే తాగేసే వైన్ చేసేవాళ్లు. ఫెర్రూచ్చో మాత్రం తన తోటలో సాంజోవేసే అనే ఎర్ర ద్రాక్షలో మంచి తీగలను ఏరి అంటు కట్టి, ఆ ఒక్క రకం పండుతోనే, ఏళ్ల తరబడి నిలవుండే వైన్ చేశాడు. 1888 నాటి సీసాలు ఇంకా ఆ ఇంట్లో ఉన్నాయంటే ఆయన పట్టుదల ఎలాంటిదో చూడండి.

నన్ను కదిలించింది మాత్రం ఆయన కొడుకు తాంక్రెడి. 1944లో యుద్ధం ఊరి దాకా వచ్చినప్పుడు పాత సీసాలన్నిటినీ సెల్లార్‌లో పెట్టి, అడ్డంగా గోడ కట్టించేశాడు. అలా అవి దక్కాయి. పాత సీసాలకు కొత్త బిరడా వేసే పద్ధతిని 1927లో మొదలుపెట్టింది కూడా ఆయనే. సీసా తెరిచి, రుచి చూసి, బాగుంటే తగ్గిన మేరకు అదే ఏడాది వైన్ పోసి మళ్లీ బిగించేవారు. దానికోసం అదే ఏడాది సీసా ఒకటి త్యాగం చేయాలి. వైన్ పాడైందని తేలితే పక్కన పెట్టేయాల్సిందే. తాతముత్తాతల సొత్తును ఇంత శ్రద్ధగా చూసుకున్న ఇల్లు నేను మరొకటి చూడలేదు. ఆయన చేతి 1955 రిసెర్వానే (ఎక్కువ కాలం నిలవ ఉంచే మేలురకం బ్రునెల్లో) 1969లో లండన్‌లో ఇటలీ అధ్యక్షుడు ఎలిజబెత్ రాణికి ఇచ్చిన విందులో పోశారు.

తాంక్రెడి కొడుకు ఫ్రాంకో 2013లో పోయేదాకా తండ్రి పద్ధతి తప్పలేదు. చిన్న పీపాల ఫ్యాషన్ వచ్చినా పెద్ద ఓక్ పీపాలు వదల్లేదు. పదేళ్లు దాటని తీగల పండు రోస్సో అనే, త్వరగా తాగే రెడ్ వైన్‌కి, 25 ఏళ్లు దాటిన తీగలది రిసెర్వాకి. రిసెర్వా కూడా పంట బాగున్న ఏడాదే. ఇప్పుడు యాజమాన్యం ఫ్రాన్స్‌కు చెందిన ఈపీఐ సంస్థ చేతిలో ఉంది. ఆ మాట ముందే తెలిసి వెళ్లడం మంచిది, ఇంటివాళ్లే ఎదురొచ్చి చూపిస్తారనుకోకండి.

రుచి సంగతి. కొత్త బ్రునెల్లోలో పులుపు, వగరు గట్టిగా తెలుస్తాయి. అలవాటు లేనివాళ్లకు మొదటి గుక్క నచ్చకపోవచ్చు. పెకోరీనో చీజ్‌తో కలిపి మెల్లగా తాగితే చెర్రీ వాసన పైకొస్తుంది. చట్టప్రకారం 2020 పంట బ్రునెల్లోని 2025 జనవరికి ముందు అమ్మకూడదు, అందుకే ధర కూడా ఎక్కువ. ఖర్చు భారమనిపిస్తే ఫత్తోరియా దెయ్ బార్బీకి వెళ్లండి. కొలొంబీని కుటుంబానిది, వాళ్లకు భోజనశాల కూడా ఉంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే సుఖం.

బస ఊళ్లోనే చూసుకోండి. మేము దిగిన ఫామ్‌హౌస్ అందంగానే ఉంది కానీ, రాత్రి భోజనానికి మట్టిరోడ్డు మీద కారు నడపడం టెన్షన్. పైగా ఇటలీలో తాగి నడిపితే చట్టం కఠినం, కాబట్టి తోటకు టాక్సీ మాట్లాడుకోవడమే మేలు. సియెనా నుంచి బస్సుంది, ఆదివారం మాత్రం నమ్ముకోవద్దు. శాకాహారులకు పీచీ అనే లావుపాటి చేతి పాస్తా టమాటా, వెల్లుల్లి సాస్‌తో దొరుకుతుంది, కడుపు నిండుతుంది. సాయంత్రం 1361 నాటి కోట గోడ ఎక్కితే వాల్ డోర్చా లోయంతా కనిపిస్తుంది.

కొనాలనుకుంటే, మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా వదులుతుంది, అంటే మామూలు సీసాలు రెండు. ఇంటికి తెచ్చి వెంటనే తాగేట్టయితే రోస్సో చాలు. పిల్లల పెళ్లిళ్ల దాకా దాచే ఓపిక, చల్లని చోటు రెండూ ఉంటేనే బ్రునెల్లో తీసుకోండి.