ఉప్పునీటి ట్యాంకుకు సముద్రం నీళ్ళా, కలుపుకున్న ఉప్పునీళ్ళా: ఏది మేలు?

సముద్రపు చేపల ట్యాంకు కోసం ఉప్పు కొనేవాణ్ణి చూస్తే విశాఖలో ఉండేవాళ్ళెవరికైనా నవ్వొస్తుంది. మూడేళ్ళ కిందట నేనూ నవ్వాను, మా బావమరిదిని చూసి. వాడుండేది కూకట్‌పల్లి. దగ్గరి సముద్రమే వాడికి మూడు వందల కిలోమీటర్ల పైమాట, ఉప్పు కొనక తప్పదు. ఇద్దరం ఒకే కొలతలతో ట్యాంకులు కట్టుకున్నాం: మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 10 మిల్లీమీటర్ల గాజు. అతికించింది వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్‌తో. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూమ్ రకం మాత్రం వద్దు, చేపలకు విషం. అతికించాక వారం రోజులు ఆరనిచ్చాం. రాళ్ళూ ఇసుకా పోను 150 లీటర్ల నీళ్ళు పట్టాయి. నేను రుషికొండ నుంచి క్యాన్లతో తెచ్చి పోశాను, వాడు అక్వేరియంల కోసం అమ్మే డబ్బా ఉప్పు కలిపాడు.

మొదటి ఏడాది లెక్కలో నేనే గెలిచాననుకున్నాను. లీటరుకు 36 గ్రాముల చొప్పున మొదటిసారికే వాడికి ఐదున్నర కిలోల ఉప్పు పట్టింది. ఆ పైన వారానికి పదో వంతు, అంటే 15 లీటర్ల నీళ్ళు మార్చాలి కదా, దానికి అరకిలో పైచిలుకు. ఏడాది తిరిగేసరికి మొత్తం 33 కిలోల దాకా అయింది. అదీ వంటింటి ఉప్పు ధరకు దొరికేది కాదు. నాకు అయినది స్కూటర్ పెట్రోలు, కాస్త నడుం నొప్పి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: కళ్ళుప్పు సముద్రం నుంచే వస్తుంది కదా, అదే నీళ్ళలో కరిగిస్తే మళ్ళీ సముద్రం నీళ్ళు కావా? కావు. ఉప్పు మడుల్లో నీరు ఇగిరేటప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. సున్నపు పదార్థం ముందే అడుగుకు దిగిపోతుంది, తరవాత జిప్సం, ఆ తరవాతే మనం తినే ఉప్పు. మెగ్నీషియం చివరిదాకా ఆ చేదు నీళ్ళలోనే ఉండిపోతుంది, దాన్ని రైతులు పారబోస్తారు. అసలు సముద్రపు నీళ్ళలో లీటరుకు దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 పైన కాల్షియం ఉంటాయి. శ్రీకాకుళం వైపు నౌపడా మడుల ఉప్పు ఎంత మంచిదైనా చేప కోసం కాదు, ఆవకాయ కోసం. అక్వేరియం ఉప్పుకు అంత ధర పలికేది మడిలో విడిపోయినవన్నీ మళ్ళీ కొలిచి కలుపుతారు కాబట్టి.

నా గెలుపు నవంబరులో ఆగిపోయింది. ఎప్పటిలా తెచ్చిన నీళ్ళను ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కింద చూస్తే వెయ్యికి 26 పాళ్ళు చూపించింది. ఉండాల్సింది 35. మీటరు పాడైందనుకుని మళ్ళీ చూశాను, అదే 26. సంగతేమిటంటే, బంగాళాఖాతం మనం అనుకునేంత ఉప్పగా ఏడాది పొడుగునా ఉండదు. వానలు వెళ్ళాక గంగా, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరంతా తీరం వెంట దక్షిణానికి దిగివస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో పైనీరు పలచనవుతుంది. ఫిబ్రవరికల్లా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, ఉప్పదనం మళ్ళీ పెరుగుతుంది. నేను మాత్రం నవంబరు నీళ్ళకు లీటరుకు తొమ్మిది పది గ్రాముల ఉప్పు కలిపి సర్దుకోవాల్సొచ్చింది. ఆ ఉప్పు ఎక్కడ కొన్నానో మా బావమరిదికి ఇప్పటికీ చెప్పలేదు.

తెచ్చిన నీళ్ళు తెచ్చినట్టు పోయడానికీ లేదు. గుడ్డలో వడకట్టి, మూత పెట్టి, రెండు వారాలు చీకట్లో నిలవ ఉంచాలి. ఈలోగా కంటికి కనిపించని జీవాలు చచ్చి మడ్డి కిందికి దిగుతుంది, పైతేట వాడుకోవాలి. అంత ఆగలేకపోతే మన రొయ్యల హ్యాచరీల దారి ఉంది: ఇసుకలో వడకట్టడం, క్లోరిన్ వేయడం, బాగా గాలి కొట్టించడం, మిగిలిన క్లోరిన్‌ను హైపోతో (సోడియం థయోసల్ఫేట్) విరిచేయడం, క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకున్నాకే వాడటం. భీమిలి వైపు హ్యాచరీలో తెలిసినవాళ్ళుంటే వాళ్ళు శుద్ధి చేసిన నీళ్ళే అడగండి, సగం తలనొప్పి తప్పుతుంది. హార్బరు చుట్టుపక్కలా, గెడ్డలు (వాగులు) కలిసే చోటా, గోస్తనీ నది మొగ దగ్గరా నీళ్ళు పట్టకూడదు. కాకినాడ, మచిలీపట్నం వాళ్ళకు గోదావరీ కృష్ణలు పక్కనే కాబట్టి ఈ బెడద ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా మంచివి ఒడ్డుకు దూరంగా వేటకు వెళ్ళే బోటువాళ్ళు పట్టి తెచ్చేవి. కానీ ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, బోట్లు రేవులోనే ఉంటాయి. ఆ తరవాత వానలు. అంటే నమ్మకంగా మంచి నీళ్ళు దొరికేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం వరకే.

ఇంతకీ నా లెక్కను అసలు తలకిందులు చేసింది ఇవేవీ కాదు, ఆర్ఓ. ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేర ఉప్పులేని నీళ్ళే పోయాలి, అదీ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా ఉన్నవి. వేసవిలో నీళ్ళ మీద ఫ్యాను తిప్పితే నాకు రోజుకు మూడు లీటర్లు పోతున్నాయి, నెలకు 90. వారం వారం మార్చే సముద్రం నీళ్ళు నెలకు 60. అంటే సముద్రం పక్కనున్నా నేను ఆర్ఓ యంత్రం కొనాల్సిందే, మిగిలిన లవణాలనూ లాగేసే డీఐ గొట్టం దానికి తగిలించాల్సిందే, లీటరు నీటికి మూడు లీటర్లు వృథా పోనివ్వాల్సిందే. అన్నీ పెట్టుకున్నాక సముద్రం వల్ల నాకు ఆదా అయ్యేది ఉప్పు ఖర్చొక్కటే. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ సరిపోతుందనుకోకండి, చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు మళ్ళీ కలిసేలా ఏర్పాటు ఉంటుంది.

ఆ ఫ్యాను విషయంలో మాత్రం హైదరాబాదుదే పైచేయి. పొడి గాలికి ఆవిరి ఎక్కువ, చల్లదనమూ ఎక్కువ. మే నెలలో వాడి ట్యాంకు 28 డిగ్రీల దగ్గర నిలబడితే, మా ఉక్కపోతలో నాది 30 దాటింది. పోసుకునే ఆర్ఓ నీళ్ళు మాత్రం వాడికే ఎక్కువ.

సముద్రం నీళ్ళయితే ట్యాంకు తొందరగా సిద్ధమవుతుందనేది ఇంకో భ్రమ. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా పెరిగితేనే ట్యాంకు సిద్ధమైనట్టు, అది ఎక్కువగా కాపురముండేది రాళ్ళ మీదా ఇసుక మీదా. ఇద్దరివీ ఎండు రాళ్ళే, ఇద్దరికీ ఐదేసి వారాలు పట్టింది. నీళ్ళతో పాటు పగడపు రాయి కూడా ఏరుకొద్దామనుకునేవాళ్ళకో మాట: గట్టి పగడాలు, సీహార్స్‌లు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. ఏరితే జైలు. హ్యాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట చాలు.

హైదరాబాదు వాళ్ళకు ఎంపిక లేదు, అదే మేలైంది కూడా. ఉప్పు కలిపేటప్పుడు నీళ్ళు ముందు పోసి అందులో ఉప్పు వేయండి, ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం విరిగి తెల్లగా తేలుతుంది. చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పి, మీటరుతో చూసి పోయాలి. తీరంలో ఉన్నా సరే, మొదటిసారి పెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఉప్పు డబ్బానే. చేప చచ్చిపోతే కారణాల జాబితాలోంచి నీళ్ళనైనా కొట్టేయొచ్చు. ఏడాది అనుభవం వచ్చాక, ట్యాంకులో చేపలు తప్ప ఇంకేవీ లేకపోతే, బోటువాళ్ళ పరిచయం ఉంటే, అప్పుడు సముద్రానికి వెళ్ళండి.

నేనిప్పుడు ఫిబ్రవరిలో బోటు మీద పది క్యాన్లు తెప్పించి డ్రమ్ముల్లో నిలవ పెట్టుకుంటున్నాను. అవి వేట నిషేధం ముగిసే దాకా కాస్త అటూ ఇటూగా సరిపోతాయి. ఆ తరవాత మెట్ల కింద ఉన్న ఉప్పు డబ్బా మూత తీస్తాను.