గ్రే ఇంకు శాంపిల్ సెట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. ఫౌంటెన్ పెన్నుల గ్రూపుల్లో కొన్నాళ్ళు తిరిగినవాళ్ళకి, వయల్స్‌లో (చిన్న చిన్న బుల్లి సీసాల్లో) ఆరు గ్రేల సెట్ అమ్మే పెద్దమనిషి అనగానే ఎవరో తెలిసిపోతుంది. రివ్యూలు చూస్తే అన్నీ ఐదు స్టార్లే. ప్రతి పోస్టు కిందా "ప్యాకింగ్ సూపర్" అని కామెంట్లు. నిజమే, ప్యాకింగ్ సూపర్. లోపల ఉన్నదేంటి అన్నదే నా గొడవ.

ముందు కథ గబగబా చెప్పేస్తాను, ఓపిక లేదు, ఒళ్ళు మండిపోతోంది. రోజూ రాసుకోవడానికి నాకొక మంచి గ్రే కావాలి. నలుపంత కరకుగా ఉండకూడదు, అలాగని పెన్సిల్ గీతలా వెలవెలబోకూడదు. పెద్ద సీసా కొనేముందు అన్నీ ఒకసారి రాసి చూసుకుందామని ఈ సెట్ తెప్పించాను. అందరూ చేసేదేగా. లేబుళ్ళ మీద ఏమున్నాయంటే (ముందున్నది కంపెనీ పేరు, తర్వాతది ఇంకు పేరు): పైలట్‌వాళ్ళ ఇరోషిజుకు వరుసలో కిరి-సామే, ఫుయు-షోగున్, హెర్బాన్ గ్రీ న్యుయాజ్, డయమైన్ గ్రాఫైట్, నూడ్లర్స్ లెక్సింగ్టన్ గ్రే, సెయిలర్ ఇంక్ స్టూడియో 123. గ్రే ఇష్టపడేవాళ్ళు ఎవరైనా సరే, ఈ ఆరూ ఒకేచోట కనిపిస్తే ఆగలేరు. నేనూ ఆగలేదు. "ఇంకా రెండే సెట్లు మిగిలాయి" అని రాస్తే నమ్మి పరుగెత్తాను చూడండి, అందుకు నాకు సన్మానం చేయాలి.

ఈ ఆరింటి గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. పేరుకి అన్నీ గ్రేలే గానీ ఒకదానికొకటి పోలికే ఉండదు. ఫుయు-షోగున్ నీలం వైపు లాగుతుంది, చల్లటి రంగు. కిరి-సామే దానికంటే కాస్త వెచ్చగా ఉంటుంది. గ్రీ న్యుయాజ్ బాగా లేత, సన్న పాళీతో రాస్తే మనం రాసింది మనమే వెతుక్కోవాలి. గ్రాఫైట్ ముదురు, అడుగున ఆకుపచ్చ దాగి ఉంటుంది. సెయిలర్ 123 అయితే గ్రే అనడానికే మనసొప్పదు. ఒకే అక్షరంలో ఊదా, ఆకుపచ్చ, కాస్త గులాబీ వేరువేరుగా తేలతాయి, దానికి అంత పేరు రావడానికి కారణమే అది. లెక్సింగ్టన్ గ్రే సంగతి వేరు. అది కాగితంలోని సెల్యులోజ్‌ని, అంటే నారని, పట్టుకుని కూర్చునే ఇంకు. ఆరాక నీళ్ళు పడినా చెరగదు. చెక్కుల మీద రాసేవాళ్ళూ, బొమ్మ గీసి దానిమీద వాటర్‌కలర్ వేసేవాళ్ళూ దాన్ని ఏరికోరి కొనేది అందుకే.

నాకొచ్చిన ఆరూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. గ్రేతో ఉన్న చిక్కే అది. ఎరుపు అడిగితే నీలం పంపినవాడు అక్కడికక్కడే దొరికిపోతాడు. గ్రే అలా కాదు. ఒకే ఇంకు, ధారాళంగా పారే బ్రాడ్ పాళీలో దాదాపు నలుపు. పొడిగా రాసే ఫైన్ పాళీలో బూడిద. తడిగా ఉన్నప్పుడు ముదురు, ఆరితే లేత. కన్వర్టర్‌లో (పెన్ను లోపల ఇంకు నింపే గొట్టంలో) ఎక్కువ రోజులుంటే నీరు ఆవిరై మళ్ళీ ముదురు. పసుపు బల్బు కింద ఒకలా, పగటి వెలుగులో ఇంకోలా. ఇంకు పీల్చేసే కాగితం మీద చప్పగా, టోమోయే రివర్ లాంటి మంచి జపాన్ కాగితం మీద షేడింగ్‌తో, అంటే ఒకే గీతలో ముదురూ లేతా కనిపిస్తూ. అంటే మనం ఏ ఫిర్యాదు చేసినా అమ్మినవాడి దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. అతన్ని అనుమానించేలోపు మన కాగితాన్నీ, పెన్నునీ, చివరికి కళ్ళనీ అనుమానిస్తాం. మోసం చేయాలనుకునేవాడు ఏరి ఏరి గ్రేనే ఎందుకు పట్టుకున్నాడో నాకిప్పుడు అర్థమైంది.

మర్యాదగానే అడిగాను. ఫోటో పెట్టి, "సార్, 123లో రంగులు విడిపోవట్లేదు, వయల్స్ తారుమారయ్యాయేమో ఒకసారి చూస్తారా" అన్నాను. "మీ పేపర్ మంచిది కాదు మేడం" అన్నారు. టోమోయే రివర్ మీద రాసి పంపాను. "అయితే పాళీ డ్రై మేడం" అన్నారు. డిప్ పాళీతో (ఇంకులో ముంచి రాసేదానితో) రాసి పంపాను. "మేడం, ఫోన్ కెమెరాకి గ్రే సరిగ్గా రాదు." ఇది కూడా సగం నిజమే, అందుకే ఇంకా చిరాకు.

అప్పుడు లెక్సింగ్టన్ మీద నీళ్ళు పోశాను. ఒక లైను రాసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున దానిమీద ఒక చుక్క వేసి టిష్యూతో అద్దాను. మొత్తం లేచొచ్చేసింది. కాగితం మీద లేత ఊదా మరక తప్ప అక్షరమన్నది లేదు. నీళ్ళకి చెరగదన్న ఒక్క కారణంతో కొనే ఇంకు అది! వీడియో తీసి పంపాను. దీనికి కాగితమూ పాళీ కెమెరా ఏవీ అడ్డు రావు కదా, ఇప్పుడేమంటారో చూద్దామనుకున్నాను.

ఏమన్నారంటే, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మేడం, గ్రే అంటే ఏముంది మేడం, నలుపులో నీళ్ళు. కంపెనీవాళ్ళు చేసేదీ అదే. తేడా పట్టేసేంత ఎక్స్‌పర్ట్ అయితే మీకు శాంపిల్స్ ఎందుకు, సీసాలే కొనుక్కోండి."

చివర్న ఒక నమస్కారం ఎమోజీ.

డబ్బు పోయిందని కాదు, ఆ ఎమోజీకే నా రక్తం మరిగింది. మనిషి కాదనలేదు, గమనించారా? "పొరపాటైంది" లేదు, "ఇంకో సెట్ పంపిస్తా" లేదు. నువ్వు పట్టుకోగలవని నేననుకోలేదు, అదే నీ తప్పు అన్నట్టుగా ఉంది. జపాన్, ఫ్రాన్స్, ఇంగ్లండ్, అమెరికా, నాలుగు దేశాల ఇంకులు ఒకే కుళాయి కింద పుట్టాయన్నమాట.

ఇంతకీ ఆ మాట అబద్ధం. డై ఇంకుల్లో (నీళ్ళలో కరిగే రంగులతో చేసేవాటిలో) నలుపు చాలావరకు రెండు మూడు రంగుల కలయిక. చిక్కగా ఉన్నంతసేపు అవి కనపడవు. నీళ్ళు పోసి పలచన చేస్తే లోపల దాక్కున్నదంతా బయటికొస్తుంది, ఒకటి ఊదాకి, ఇంకొకటి ఆకుపచ్చకి తిరుగుతుంది. ఆ తిరుగుడు ఎటు ఉండాలో, ఎంత ఉండాలో చూసుకుని రంగులు కలపడమే గ్రే తయారుచేసేవాళ్ళ పనితనం. మనం ఒక గ్రేని ఇంకోదాని మీద ఎంచుకునేదీ దాన్ని బట్టే. పైగా ఇంకంటే రంగు ఒక్కటే కాదు. పాళీలోంచి సాఫీగా పారడానికి కలిపేవి ఉంటాయి, బూజు పట్టకుండా కలిపే మందు ఉంటుంది. నీళ్ళు పోసేకొద్దీ ఆ మందూ పలచబడుతుంది. (ఇంట్లో సరదాగా నలుపుని పలచన చేసుకునేవాళ్ళు ఉన్నారు, బొమ్మలేసేవాళ్ళు మరీను. అందులో తప్పేం లేదు. వాళ్ళు దానిమీద పైలట్ అని లేబుల్ అంటించి ఇంకొకరికి అమ్మట్లేదు కదా.)

టిష్యూ పరీక్ష కూడా చేశాను. పట్టీలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేసి, కింది అంచు నీళ్ళలో ముంచితే రంగులు పైకి పాకుతూ విడిపోతాయి. ఆరు పట్టీల్లోనూ అదే ఊదా చార, అదే ఆకుపచ్చ అంచు. తేడా అంతా పలచదనంలోనే. ఫుయు-షోగున్ అన్న లేబులున్న దాంట్లో మాత్రం ఇంకో నీలం గీత కనిపించింది. దానికోసం విడిగా ఒక చుక్క కలిపినట్టున్నారు, పాపం కష్టపడ్డారు.

ఇక్కడితో ఆగి ఉంటే తిట్టుకుని వదిలేసేదాన్నే. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

ఆ నకిలీ ఫుయు-షోగున్ పోసిన పెన్నులోనే, అది అయిపోయాక, నా దగ్గరున్న పెలికాన్ ఎడెల్‌స్టీన్ మూన్‌స్టోన్ అనే ఇంకు నింపాను. పెన్నుని నీళ్ళతో కడిగాను, ఎప్పటిలాగే పాళీని సీసాలో ముంచి పీల్చాను. మూన్‌స్టోన్ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, 2020కి 'ఇంక్ ఆఫ్ ది ఇయర్'గా వచ్చింది, ఆ ఏడాది కోసం చేసిన రంగు. ఇప్పుడు పోయి కొనుక్కుందామంటే దొరికేది కాదు. పొదుపుగా వాడుకుంటూ వచ్చాను.

ఇవాళ పెన్ను తడబడుతుంటే తెరిచి చూశాను. కన్వర్టర్‌లో తెల్లటి దారపు పోగుల్లాంటివి తేలుతున్నాయి. ఫీడ్ (పాళీకి ఇంకు అందించే ముక్క) చీలికల్లో జిగురు. పరుగున వెళ్ళి మూన్‌స్టోన్ సీసా మూత తీశాను. పైన పలచటి పొర, ఒక వాసన. బూజు. సీసా మొత్తం.

నా సీసాకే ముందు పట్టిందేమో, పాపం ఆయన్ని అనవసరంగా అనుమానిస్తున్నానేమో అని కూడా అనుకున్నాను. వయల్‌లో అడుగున మిగిలిన ఫుయు-షోగున్‌ని, మూన్‌స్టోన్ జోలికి పోకముందే మూతపెట్టి పక్కన పడేసినదాన్ని, వెలుగుకి ఎత్తి చూశాను. అవే పోగులు. కిరి-సామే వయల్‌లోనూ ఉన్నాయి. కుళాయి నీళ్ళు పోసి ఉంటారు, డిస్టిల్డ్ వాటర్ కొనే ఖర్చు కూడా ఎందుకనుకున్నారేమో.

ఈ ఫోటోలు పంపాను. జవాబు లేదు. ఆయన పోస్టు కింద కామెంట్ పెట్టాను, "సెట్లు కొన్నవాళ్ళు బూజు పట్టిందేమో చూసుకోండి" అని, అంతే, ఒక్క తిట్టు కూడా లేకుండా. కామెంట్ ఎగిరిపోయింది, దాని వెనకాలే నేనూ ఎగిరిపోయాను, బ్లాక్. ఐదు స్టార్లు ఎలా నిలబడ్డాయో ఇప్పుడు తెలిసింది కదా. కొత్త పోస్టులో మళ్ళీ "ఇంకా రెండే సెట్లు" ఉన్నాయట. ఆ రెండు సెట్లకి చావు లేదు.

కన్వర్టర్ పారేశాను. పాళీ, ఫీడ్ విడదీసి నీళ్ళలో కొంచెం అమోనియా, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి నానబెట్టాను, తేలతాయో లేదో చూడాలి. స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో కడగమని మాత్రం ఎవరూ కామెంట్ పెట్టకండి, అది పెన్ను బాడీ ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది. మూన్‌స్టోన్ పారబోయాలి. ఇంకా చేతులు రాలేదు.

సలహాలంటారా, శాంపిల్స్ మానేయమని చెప్పను, నిజాయితీగా వయల్స్‌లో పోసి ఇచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అమ్మేవాళ్ళని అసలు సీసా పక్కన పెట్టి వయల్‌లో పోస్తున్న ఫోటో అడగండి, ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆపేయండి. వచ్చినదాన్ని డిప్ పాళీతోనో, పోయినా బాధలేని పెన్నుతోనో రాసి చూడండి. తెలియని ఇంకు తాగిన పాళీని మీ సీసాలో ముంచకండి, సిరంజితో తీసి పోసుకోండి. ఈ ముక్క నాకెవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఆ ఆరు గ్రేల సెట్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే, లెక్సింగ్టన్ లేబులున్న దానితో ఒక లైను రాసి రేపు పొద్దున నీటి చుక్క వేయండి. చెరిగితే మిగతా ఐదింటినీ నమ్మకండి. వాటిలో ఏదైనా పెన్నులో ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే ఖాళీ చేసి కడిగేయండి. టిష్యూ పట్టీల ఫోటోలు, నీళ్ళ వీడియో, ఆయన మెసేజ్ స్క్రీన్‌షాట్ అన్నీ దాచాను. మీకూ ఇలాగే జరిగి ఉంటే మెసేజ్ పెట్టండి, అందరం కలిసి గ్రూపు అడ్మిన్ దగ్గరకి వెళ్దాం.