ఇద్దరు మగపిల్లల ఇంట్లో టాప్ లోడ్ వాషింగ్ మెషీన్: నాలుగేళ్లు దాటిన వాడకం తర్వాత

ఏడు కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్ మా ఇంటికి వచ్చి ఐదో ఏడు నడుస్తోంది. మాది ఒంగోలు. నేను తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండవలసిన ఉద్యోగిని, మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తారు, పిల్లల్లో ఒకడు మూడో తరగతి, ఇంకొకడు యూకేజీ. యూనిఫారాలు, ఆటల మట్టి, రాతిపొడి అన్నీ ఒకే బుట్టలో పడే ఇంటి అనుభవమిది. బ్యాచిలర్ల గదికి ఇందులో సగం మాటలు వర్తించవు.

దీనిలో నాకు అన్నిటికంటే అక్కరకు వచ్చింది టైమర్. రాత్రి అంట్లు తోమి పడుకోబోయే ముందు బట్టలు వేసి, పొడి పోసి, తెల్లవారుజామున ఐదున్నరకు ఉతుకు పూర్తయ్యేలా పెడితే, నేను లేచేసరికి పిండిన బట్టలు సిద్ధంగా ఉంటాయి, పిల్లలు నిద్ర లేవకముందే మేడ మీద ఆరవేసి రావచ్చు. పాత సెమీ ఆటోమేటిక్‌లో ఒక అరలో ఉతికి మరో అరలో పిండాలి కాబట్టి, పెనం మీద దోసె ఉండగానే పరుగెత్తి బట్టలు మార్చవలసి వచ్చేది. ఆ పరుగు తప్పింది. మధ్యలో కరెంటు పోయినా, వచ్చాక ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. అయితే రాత్రే ఉతికించి తెల్లవార్లూ తొట్టిలో వదిలేస్తే, వానాకాలంలో ముక్కవాసన పట్టేస్తుంది.

ఉతుకు విషయంలో మాత్రం దుకాణదారు చెప్పినంత ఆశ పెట్టుకోకూడదు. చెమట, సాధారణ దుమ్ము, కూర మరకలు బాగానే పోతాయి. శనివారం తెల్ల యూనిఫారంతో నల్లరేగడి నేలలో కబడ్డీ ఆడి వచ్చిన పిల్లవాడి మోకాళ్లు, కాలరు లోపలి జిడ్డు గీత మాత్రం ఏ ప్రోగ్రాం పెట్టినా పూర్తిగా వదలవు. వాటిని సబ్బు రాసి కాసేపు నానబెట్టి, బండ మీద బ్రష్షుతో రుద్దాకే మెషీన్‌లో వేస్తున్నాను. "ఇంత డబ్బు పోసి మిషను కొని, మళ్లీ ఈ రుద్దుడేందమ్మాయ్" అని మా అత్తయ్య అంటూనే ఉంటారు, అంటూనే చిన్నవాడి నిక్కరు తీసుకుని రుద్దుతుంటారు. రాతిపొడి పట్టిన మా ఆయన చొక్కాలను ముందు విదిలించి, విడిగా వేయాలి. కలిపి వేస్తే ఆ బూడిదరంగు పొడి పిల్లల బట్టల మడతల్లో చేరుతుంది.

మగపిల్లల జేబుల గురించి ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు. చింతగింజలు, సుద్దముక్కలు, పెన్సిలు చెక్కిన పొట్టు, సగం నమిలి కాగితంలో చుట్టిన బబుల్‌గమ్, ఇవన్నీ నేను తీసినవే. కాగితం మరీ ప్రమాదం, తొట్టెడు బట్టలకూ తెల్లటి నూగులా అంటుకుంటుంది. ఒకసారి లోపలి తొట్టికీ బయటి తొట్టికీ మధ్య రూపాయి బిళ్ల జారి, తిరిగినప్పుడల్లా గలగలలాడితే, మెకానిక్ తొట్టి అడుగున తిరిగే చక్రాన్ని ఊడదీసి బయటకు తీశాడు. చిన్నవాడు ఆ బిళ్ల తనదేనని చేయి చాచాడు. దూదిపింజలు పట్టే జాలీసంచిని వారానికొకసారి విప్పి కడగాలి, దానికి మినహాయింపు లేదు.

ఇక అసలు సమస్య నీళ్లు. తాగునీటి కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దారి లేకపోతే 600 వరకు ఓర్చుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మా బోరు నీళ్లు నోట పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, తువ్వాళ్లు ఆరాక అట్టముక్కల్లా నిలబడతాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి బట్టలకు పట్టడమే తెలుపు మాసిపోవడానికి కారణం. అందుకే తెల్లబట్టలకు సాగర్ కాలువ నుంచి వచ్చే మున్సిపాలిటీ నీళ్లే పడుతున్నాను. నెలకొకసారి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు వేసి ఖాళీ తొట్టిని తిప్పితే గార చాలావరకు వదులుతుంది. దానితో బ్లీచింగ్ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. హీటరున్న మోడలు తీసుకోమని అప్పట్లో బలవంతపెట్టారు. కాఠిన్యమున్న నీళ్లు వేడెక్కితే గార ఇంకా తొందరగా కడుతుందని వద్దన్నాను, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదేననిపిస్తుంది.

ఫ్రంట్ లోడ్‌తో పోలిస్తే ఇది నీళ్లు చాలా ఎక్కువ తాగుతుంది, కుళాయి నీళ్లు రోజూ రాని ఎండాకాలంలో ఇదే నా పెద్ద ఫిర్యాదు. చివరి జాడింపు నీళ్లను పైపు ద్వారా డ్రమ్ములోకి మళ్లించి, బాత్రూంలకూ వాకిలికీ వాడుతున్నాం. ట్యాంకు ఎత్తు కూడా చూసుకోవాలి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది, అంటే ఒంటి అంతస్తు మేడ మీది ట్యాంకు నుంచి దానిలో మూడో వంతు కూడా కష్టమే. అందువల్ల మా ఇంట్లో తొట్టి నిండడానికే చాలాసేపు పడుతుంది, తెర మీద చూపించే సమయాన్ని నమ్మి వంట మొదలుపెట్టడానికి లేదు.

మూడో ఏట ఎలుక కిందినుంచి దూరి వైర్లు కొరికింది, ఆ తర్వాత అడుగున ఇనుప జాలీ వేయించాం. కొన్నాళ్లకు ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది, వోల్టేజీ హెచ్చుతగ్గులే కారణమని చెప్పి స్టెబిలైజరు పెట్టమన్నారు. కొనేవారు గ్యారంటీ కార్డును ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. పదేళ్లని పెద్దక్షరాలతో వేసింది మోటారుకే, బోర్డుకు రెండేళ్లే. మోటారుకు ఇంతవరకు ఏమీ కాలేదు, బోర్డుకు మాత్రం చేతి డబ్బు పెట్టాం. ఏడాదికొకసారి కట్టే సర్వీసు ఒప్పందం తీసుకోమని ఫోన్లు వస్తూనే ఉన్నాయి, కానీ అందులో కూడా ప్లాస్టిక్, రబ్బరు భాగాలు చేరవని తెలిశాక కట్టలేదు.